వెనక సీటు

అరవై తొమ్మిది వేసవిలో తార్నాకలో రెండే పనులు వేళ తప్పకుండా జరిగాయి. ఒకటి ఎండ కాయడం, రెండోది మా నాన్న భయపడటం. కాలేజీ మూతబడి నెలలైంది. పరీక్షలు ఉంటాయో ఉండవో పెట్టేవాళ్ళకే తెలీదు. బస్సులు ఒకరోజు తిరిగితే రెండ్రోజులు తిరిగేవి కావు. పొద్దున ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద మొదలైన ‘జై తెలంగాణ’ సాయంత్రానికి మా వీధి మలుపు దాకా వచ్చేది. అది వినపడగానే నాన్న లేచి, వేసి ఉన్న గడియనే మళ్ళీ వేసి వచ్చేవాడు.

నాన్న పేరు దానియేలు. యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా. రాష్ట్రం ఏర్పడ్డ మరుసటేడు బాపట్ల నుంచి పెట్టె, బైబిలు, అమ్మ, చంకలో తమ్ముడు, చెయ్యి పట్టుకుని నేను, ఇంత సరంజామాతో ఇక్కడ దిగాడు. ఇప్పుడు ఆ ఉద్యోగం ఇక్కడివాళ్ళదని ఊరంతా అంటోంది. మేము కింది వాటాలో అద్దెకున్న ఇంటి ఓనరు, మేడమీద ఉండే భారతమ్మ కూడా అదే అనేది, కానీ అన్నాక మా అమ్మకు గిన్నెడు పచ్చిపులుసు ఇచ్చి వెళ్ళేది. ఆవిడది ఆలేరు దగ్గర వ్యవసాయం. కొడుకు దివాకర్‌ని చదివించడానికని పొలం కౌలుకిచ్చి పట్నం వచ్చింది.

ఇంతటి పిరికివాడు కన్నకూతుర్ని గ్లైడర్ ఎక్కనిచ్చాడంటే అమ్మ చివరిదాకా నమ్మలేకపోయింది. అప్పట్లో మల్కాజ్‌గిరి దాటినాక, రైలు పట్టాలకు అవతల, యుద్ధకాలం నాటి పాత రన్‌వే ఒకటి ఉండేది. ఇప్పుడు అక్కడ కాలనీలు లేచాయి, వెతికినా దొరకదు. ఆ రన్‌వే మీద ఒక చిన్న క్లబ్బు స్టూడెంట్లకు గ్లైడింగ్ నేర్పేది. దివాకర్ ముందు చేరాడు, వాణ్ణి చూసి నేను చేరాను. ఉన్నది ఒక్కటే గ్లైడరు. చెక్క, గుడ్డ, వార్నిషు. ఇంజను లేదు. ఒకదాని వెనక ఒకటి రెండు సీట్లు. నేర్చుకునేవాళ్ళు ముందు, నేర్పేవాళ్ళు వెనక. ముందు సీట్లో నడిపే కర్ర కదిపితే వెనక సీటు కర్రా కదులుతుంది, వెనక కదిపితే ముందుదీ కదులుతుంది. బరువుగా, మొండిగా ఉండేది కాబట్టి దివాకర్ దానికి బర్రె అని పేరు పెట్టాడు.

వెనక సీటు రాజలింగం సారుది. ఒకప్పుడు ఎయిర్‌ఫోర్సులో చేసి వచ్చిన మనిషి. చేతిలో ఎప్పుడూ ఒక అడుగు స్కేలు. నేను ఎడమకు తిప్పాల్సిన చోట ఆలస్యం చేస్తే ఎడమ భుజం మీద ఒకటి పడేది, కుడికి ఆలస్యం చేస్తే కుడి భుజం మీద. విదేశాల్లో సన్నటి పొడుగు రెక్కల రెండు సీట్ల గ్లైడర్లుంటాయనీ, అవి పొద్దున లేస్తే సాయంత్రం దాకా దిగవనీ, ఒక ఊళ్ళో లేచి ఇంకో రాష్ట్రంలో వాల్తాయనీ చెప్పేవాడు. చెప్పినంతసేపూ మా బర్రె వంక చూసేవాడు కాదు, దానికి బాధ కలుగుతుందన్నట్టు.

మొదటిరోజు నాన్న నాతోపాటు వచ్చాడు. వెనక సీటును చేత్తో తట్టి చూశాడు.

“ఈ సీట్లో ఎప్పుడూ మీరుంటారు కదండీ?”

“నేనెక్కడికి పోత సార్? గీడనే ఉంట,” అన్నాడు రాజలింగం సారు.

“అయితే సరేనండీ. వెనకాల మీరున్నంతవరకు నాకు అభ్యంతరం లేదు,” అని కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. అందరూ టోపీలు తీశారు. ప్రార్థన అయ్యేసరికి గాలి దిశ మారిపోయింది. సరంజామా అంతా ఈ కొస నుంచి ఆ కొసకు మోయాల్సి వచ్చింది. ఆ తర్వాత నాన్నను మైదానానికి ఎవరూ పిలవలేదు.

రాజలింగం సారు చెప్పింది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. గ్లైడర్ నేర్చుకున్నవాళ్ళు ఏదో ఒకరోజు ఒంటరిగా ఎగరాలి. ఆ రోజు గురువు వెనక సీటు పట్టీలు కర్రకు అడ్డం పడకుండా బిగించి కట్టేసి, దిగిపోతాడు. సైకిలు నేర్పేవాడు సీటు వదిలేసినట్టే. అది లేకపోతే అంతవరకు నేర్చిందంతా ఇంకొకరు నడిపే బండిలో ప్రయాణం చేసినట్టే లెక్క. ఈ సంగతి నాన్నకు ఎవరూ చెప్పలేదు. నేనసలే చెప్పలేదు.

ఏప్రిల్ చివర్లో ఆఫీసులో నాన్న కుర్చీని ఎవరో బల్లమీద బోర్లించి పెట్టారు. కొట్టలేదు, తిట్టలేదు. కుర్చీ బోర్లించారు, అంతే. నాన్న దాన్ని దించుకుని కూర్చుని పని చేసుకున్నాడు. మర్నాడు మళ్ళీ బోర్లా ఉంది. ఆ మర్నాడు కూడా. నాలుగు కాళ్ళూ పైకెత్తుకున్న ఆ కుర్చీని చూసి ఆ రోజు నాన్న దించలేదు. గొడుగు తీసుకుని ఇంటికి వచ్చేశాడు.

“ఏలీషా బావ మాట్లాడాడు. గుంటూరు మిషను కాలేజీలో పని. మే నెలాఖరుకు లారీ చెప్పాను,” అన్నాడు అన్నం దగ్గర, కంచంలోకి చూస్తూ.

“నా చదువో?”

“అక్కడ కాలేజీలు లేవా ఏంటి? అక్కడ పొద్దు పొడవదా?” అంది అమ్మ.

“అక్కడ గ్లైడర్ ఉందా?”

నాన్న తలెత్తాడు. “అదొక్కటి లేదమ్మా,” అన్నాడు, నిజంగానే బాధపడుతూ. వాదించే మనిషైతే నేనూ వాదించేదాన్ని. బాధపడే మనిషితో ఏం చేస్తాం? ముద్ద మింగేశాను.

మర్నాడు పొద్దున్నే రాజలింగం సారు ముందు నిలబడ్డాను. “నాకు నెలాఖరు దాకే ఉంది సార్. ఈలోగా ఒంటరిగా పంపండి.”

“పంపుడుకేంది? నీ దిగుడు మంచిగ లేదు. కప్ప దుంకినట్టు దుంకుతున్నవ్.”

“ఎక్కడం బాగానే ఉంది కదా సార్?”

“ఎక్కుడు నీదెక్కడిది బిడ్డా? తీగె ఎక్కిస్తది. దిగుడే మనది. జర దిగుడు నేర్చుకో, పంపుత.”

అప్పట్నుంచి నాకు పొద్దున లేస్తే దిగడమే పని. బర్రెను పైకి లాగే యంత్రాన్ని వించి అనేవాళ్ళం. మైదానం ఆ కొసన పాత లారీ ఇంజను, దానికో డ్రమ్ము, డ్రమ్ముకు చుట్టిన ఉక్కు తీగ. తీగ కొసను గ్లైడర్‌కి తగిలిస్తే, గాలిపటాన్ని లాగినట్టు లాగి వెయ్యి అడుగుల ఎత్తుకు చేర్చేది. అక్కడ తీగ వదిలెయ్యాలి. “ఇగ నీదే,” అనేవాడు వెనక నుంచి సారు. “నాదే సార్,” అని నేను గట్టిగా చెప్పాలి. చెప్పేదాకా ఆయన తన కర్ర వదిలేవాడు కాదు. ఇద్దరిలో ఎవరు నడుపుతున్నారో ఇద్దరికీ తెలిసి ఉండాలి, ఎదుటివాడు చూసుకుంటున్నాడులే అని ఇద్దరూ చేతులు ముడుచుకుంటే అంతే సంగతులు.

అంతలోనే దివాకర్ రావడం మానేశాడు. ఒకనాడు మేడమెట్ల మీద కూర్చుని అట్టముక్కకు కర్ర కొడుతున్నాడు. అట్టమీద నినాదం రాసి ఉంది.

“రావడం లేదేం? అక్కడ రెక్క పట్టేవాళ్ళు లేరు,” అన్నాను.

“ఒట్టు పెట్టుకున్న హెలెన్. తెలంగాణ వచ్చేదాక బర్రెను ముట్ట. నాకిప్పుడు కిందనే పని ఉన్నది.”

“మా నాన్న కుర్చీ బోర్లించడమా పని?”

వాడి మొహం మాడింది. సుత్తి పక్కన పెట్టాడు. “గది నేను చెయ్యలె. చేసినోళ్ళకు చెప్పిన, గట్ల చెయ్యకుండ్రని. కని ఒకటి విను. మా పెద్దనాయన కొడుకులు బి.ఏ. చదివి నాగలి పట్టిన్రు. కోపం మీ నాయన మీద గాదు, ఆ కుర్సీ మీద.”

“కుర్చీలో కూర్చున్నది మా నాన్నే కదా?”

వాడు సుత్తి మళ్ళీ అందుకున్నాడు. “నిజంగ పోతున్నరా?” అని అడిగాడు. అవునన్నాను. వాడు మేకుకు గురి తప్పి వేలుమీద కొట్టుకున్నాడు. నాకు కోపం పోయి నవ్వొచ్చింది, నవ్వితే ఇంకా ఏడుపొచ్చేలా ఉంది.

మే మధ్యలో ఒకరోజు బంద్. ఊరు లేవకముందే సైకిలేసుకుని లాలాపేట మీదుగా మైదానానికి వెళ్ళిపోయాను. బంద్ కదా, క్లబ్బువాళ్ళు మరెవరూ రాలేదు. వించి నడిపే బిక్షపతి, రాజలింగం సారు, నేను. సారు ఆకాశం చూశాడు, నన్ను చూశాడు.

“నిన్న దిగుడు మంచిగుండె. ఇయ్యాల పంపుదమనుకున్న. కని రెక్క ఎవడు పడతడు? నా మోకాళ్ళతోటి ఉరుకుడు కాదు.”

చెప్పాను కదా, నేలమీద గ్లైడర్ బర్రె లాంటిదే. పొట్ట కింద ఒకటే చక్రం. ఒక రెక్క నేలకు వాల్చి పడుకుని ఉంటుంది. ఒక మనిషి ఆ రెక్క కొస పట్టుకుని సమంగా లేపి, కదిలాక పక్కనే నాలుగడుగులు పరిగెత్తాలి. అప్పుడు గాలి అందుకుంటుంది. ఆ మనిషి లేకపోతే ఎంత గొప్ప పైలట్టయినా కూర్చుని ఈలలు వేసుకోవాల్సిందే. రెక్క నీడన కూర్చున్నాం. పొద్దెక్కింది. ఇవాళ కాకపోతే ఇక లేదని నాకు తెలుసు. ఊళ్ళో కర్ఫ్యూ పెడతారంటున్నారు, ఇంట్లో అమ్మ సామాను గోనెసంచుల్లో కుడుతోంది.

ఇంతలో తార్నాకలో జరిగింది తర్వాత దివాకర్ చెప్పాడు. మెట్టుగూడ దగ్గర లాఠీచార్జి జరిగిందనీ, రాత్రి నుంచి కర్ఫ్యూ అనీ కబురొచ్చింది. నేనింట్లో లేను. నాన్న చెప్పులేసుకుని బయల్దేరాడు. జీవితంలో మొదటిసారి ఆయన గడియ తీసి గొడవలోకి నడిచాడు. భారతమ్మ గేటు దగ్గర అడ్డం నిలబడింది.

“యాడికి సారూ? నోరు తెరుస్తె మీ గుంటూరు మాట బయటపడ్తది. ఓ దివాకరూ! సారును సైకిల్ మీద తీస్కపో. పిల్లను తీస్కరాండ్రి.”

అలా వచ్చారు ఇద్దరూ, దివాకర్ తొక్కుతుంటే వెనక క్యారియర్ మీద నాన్న. లాలాపేట దగ్గర కుర్రాళ్ళు రోడ్డుకడ్డంగా టైరు తగలబెట్టి నిలబడ్డారు. దివాకర్ని వాళ్ళు ఎరుగుదురు.

“ఈ పెద్దాయనెవరన్నా?”

“మా మామ. మాట రాదు.”

“మాట రాకుంటె చెయ్యి సుత రాదా? ఎత్తమను.”

దివాకర్‌కి వెనక్కి తిరిగి చూడ్డానికి ధైర్యం చాలలేదట. చివరికి చూసేసరికి నాన్న పిడికిలి పైకెత్తి ఉంది. మా నాన్న, చర్చిలో కానుకల పళ్ళెం అందుకోవడానికి తప్ప చెయ్యి చాచని మనిషి. కుర్రాళ్ళు ఈలలేసి దారిచ్చారు. అక్కణ్ణుంచి మైదానం దాకా నాన్న నిజంగానే ఒక్క మాట మాట్లాడలేదట.

నేను దూరం నుంచి చూసి లేచి నిలబడ్డాను. నాన్న చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఇప్పుడు తిడతాడు అనుకున్నాను. తిట్టలేదు. నన్ను చూసి, బతికే ఉన్నానని తేలాక, రెక్కమీద చెయ్యానించి ఆయాసం తీర్చుకున్నాడు. దివాకర్ జరిగింది చెబుతుంటే నవ్వాడు కూడా. ఏడుపుకు పక్కింట్లో ఉండే నవ్వు.

రాజలింగం సారుకు ఈ గోడు పట్టలేదు. ఆయనకు ఇద్దరు మనుషులు వచ్చారన్నదే కనపడింది.

“దివాకర్, రెక్క పట్టు. ఒక్క చక్కర్ కొట్టి దిగుతది. గంతల మీరు నీళ్ళు తాగుండ్రి.”

“నేను ముట్ట సార్. ఒట్టున్నది,” అన్నాడు దివాకర్. “జెండా కావాలంటె ఊపుత. జెండా ఊపుడు నాకు అలవాటే.”

సారు వాణ్ణి ఎగాదిగా చూసి, వించికి సైగ చేసే జెండా వాడి చేతిలో పెట్టాడు. తర్వాత నాన్న దగ్గరికి వచ్చాడు. నాన్న చెయ్యి అప్పటికే రెక్క మీద ఉంది.

“సార్, మీరు పడ్తరా? చెప్త వినుండ్రి. గీ రెక్క మీ చేతుల ఉన్నంతసేపు ఈ మైదానంల మీరే పెద్ద. మీరు లేపితెనే దివాకర్ జెండా ఊపుతడు, జెండా చూస్తెనే బిక్షపతి లాగుతడు. వద్దనిపిస్తె దించుండ్రి. అంత ఆగుతది. ఎందుకు దించిన్రని ఎవ్వడు అడగడు. నేను సుత అడగ. గది మా రూలు.”

ఎక్కడా లేని రూలు కాదిది. అన్ని గ్లైడింగ్ మైదానాల్లోనూ ఉన్నదే. రెక్క పట్టినవాడికి ముందు నుంచి వస్తున్న కుక్క కనబడొచ్చు, మబ్బు కనబడొచ్చు, ఏదీ కనబడకుండానే మనసు శంకించొచ్చు. అతను దించాడంటే దించాడు.

నేను ముందు సీట్లోకి ఎక్కాను. సారు వంగి నా పట్టీలు బిగించాడు. “ఒక్క చక్కర్ అని మీ నాయన కోసం అన్న. మంచి గాలి దొరికితె ఇడవకు,” అన్నాడు మెల్లగా. తర్వాత వెనక సీటు పట్టీలు రెండూ ఎదురెదురుగా లాగి, ముడివేసి, చేతులు దులుపుకుని పక్కకు జరిగాడు.

“మీరెక్కరా?” అంది రెక్క కొస నుంచి నాన్న గొంతు.

“ఎక్క సార్. ఇయ్యాల బిడ్డదే.”

నేను తల తిప్పి చూశాను. రెక్క పొడుగు చాలా ఉంటుంది. ఆ చివర నాన్న చిన్నగా కనబడ్డాడు. ఆయన నన్ను చూడటం లేదు, నా వెనక ఖాళీ సీటును చూస్తున్నాడు. వద్దు అని కేక పెట్టనక్కర్లేదు. నాతో వాదించనక్కర్లేదు. రెక్కను దించక్కర్లేదు కూడా, అది దిగే ఉంది. లేపకుండా ఊరుకుంటే చాలు. ఎందుకని ఎవరూ అడగరు. ఎండ తగ్గాక సైకిళ్ళు ఎక్కి ఇంటికి పోతాం, నెలాఖరుకు లారీ ఎక్కుతాం. నేను బతిమాలే చూపు చూడకూడదనుకున్నాను. చూశానో లేదో నాకు తెలీదు.

“ఎంతసేపు?” అన్నాడు నాన్న.

“పది నిమిషాలు సుత పట్టది సార్.”

నాన్న కళ్ళు మూసుకున్నాడు. దివాకర్ అలవాటుగా టోపీ కోసం తల తడుముకున్నాడు. ఈసారి ప్రార్థన గాలి మారేంతసేపు సాగలేదు. నా పక్క నుంచి నేల మెల్లగా కిందికి జరిగింది. రెక్క సమంగా నిలబడింది.

తీగ బిగుసుకుంది. చక్రం గడగడమంది. పక్కచూపుకు నాన్న పరుగెత్తడం కనిపించింది, పంచె అంచు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, నాలుగు కాదు, అవసరం లేకపోయినా ఇంకా ఎక్కువే. తర్వాత నేల లేదు. వెనక ఒక మనిషి బరువు లేదు కాబట్టి బర్రె ఎన్నడూ లేనంత తేలిగ్గా లేచింది. పైన తీగ వదిలాను. భుజం మీద స్కేలు పడలేదు. “నాదే సార్,” అన్నాను, అలవాటు కొద్దీ, గట్టిగా. జవాబు రాలేదు. అంతకుముందు ఎన్నిసార్లు అన్నానో ఆ మాట, నిజమైంది అప్పుడే. భయం వేసింది, అంతకంటే ఎక్కువ సంతోషం వేసింది.

దూరంగా ఆర్ట్స్ కాలేజీ రాయి ఎండలో మెరుస్తోంది. తార్నాక చెట్ల మధ్య ఒక పొగ, లాలాపేట దగ్గర ఇంకో పొగ. ఇంజను లేదు కాబట్టి పైన చాలా సంగతులు వినబడతాయి. మల్కాజ్‌గిరి స్టేషన్లో రైలు కూత విన్నాను. ఎక్కడో జనం గొంతు కూడా వచ్చింది, మాటలు తెలియలేదు. అక్కడ నుంచి చూస్తే మా ఇల్లూ భారతమ్మ ఇల్లూ ఎలాగూ ఒకటే కప్పు. ఎవరి ఊరు ఎవరిదో నాకు తేల్చి చెప్పే తెలివి అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. నాకు తెలిసింది ఒక్కటే, నేను ఎగరడం నేర్చుకున్న ఆకాశం ఇది.

మలుపు తిరిగేసరికి గద్దలు కనబడ్డాయి. రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతున్నాయి. రాళ్ళ గుట్ట మీద కాగిన గాలి పైకి లేస్తోందన్నమాట. వాటి కిందికి వెళ్ళగానే సీటు నన్ను కింద నుంచి నెట్టింది. ఎత్తు చూపే సూది పైకి పాకింది. ఒక చుట్టు తిరిగాను. ఇంకో చుట్టు. ఇంజను లేని ఆ చెక్కముక్క పొయ్యిమీద పాలు పొంగినట్టు లేస్తోంది. రాజలింగం సారు కథలు చెప్పే పొడుగు రెక్కల గ్లైడర్లు చేసేది ఇదే.

కిందికి చూశాను. రన్‌వే కొసన తెల్లటి చుక్క. నాన్న రెక్క వదిలిన చోటే నిలబడి ఉన్నాడు. పది నిమిషాలన్నారు ఆయనతో. ఆ ఎండలో, తల మీద గుడ్డైనా లేకుండా, ఆయన నిమిషాలు ఎలా గడుస్తున్నాయో నాకు తెలుసు. గద్దల్ని వదిలేసి మైదానం వైపు తిప్పాను. కప్ప దూకుడు లేకుండా, వెన్నలో కత్తి దిగినంత మెత్తగా దిగాను. ఆ దిగడం చూసి మెచ్చుకుంటాడనుకుంటే, రాజలింగం సారు స్కేలు ఊపుకుంటూ వచ్చాడు.

“గద్దలు కనబడలేదా?”

“కనబడ్డాయి సార్.”

“సూది?”

“పైకే పోతోంది సార్.”

“మరెందుకు దిగినవ్? గసుంటి గాలి మల్ల దొరుకుతదా? వడ్డించిన ఇస్తరి ముంగట లేచిపోతరా ఎవరన్నా?”

నాన్న అప్పుడే అక్కడికి చేరాడు. “ఇంకాసేపు ఉండొచ్చా అండీ?”

“కాసేపేంది సార్? ఈ గాలికి పొద్దుగూకేదాక ఉండొచ్చు.”

నాన్న నా వైపు తిరిగాడు. “మరి దిగావేం?”

నేను పట్టీలు విప్పుకోసాగాను.

“నాకోసమా?”

“ఎండలో నిలబడ్డావు కదా నాన్నా.”

ఆయన కాసేపు నన్నే చూశాడు. ఆఫీసు ఇచ్చిన భయం, ఊరు ఇచ్చిన భయం, లారీ, గుంటూరు, అన్నీ ఆ మొహంలోనే ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. వాటన్నిటితోనే ఆయన పంచె మడిచి కట్టుకున్నాడు.

“నేను నిలబడతాలే,” అన్నాడు. “నువ్వెక్కు.”

వించి తీగను మళ్ళీ ఈ కొసకు లాక్కురావడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ నాన్న రెక్క కొస దగ్గరే ఉన్నాడు. దివాకర్ తన జేబురుమాలు తడిపి ఇస్తే తలమీద వేసుకున్నాడు. రెండోసారి ఆయన లేపినప్పుడు నేను తల తిప్పి చూడలేదు. ఆ గుట్ట మీద గద్దలతో ఎంతసేపు తిరిగానో చెప్పమంటే చెప్పలేను. వేళ్ళు చల్లబడేంత పైకి పోయాను, ఆ మే నెలలో. సూది వాలి, గాలి తనంతట తాను అలిసిపోయాకే దిగాను.

ఆ తర్వాత పదిరోజులకే దివాకర్‌ని పట్టుకుపోయి జైల్లో పెట్టారు. నెలాఖరుకు మా లారీ వచ్చింది. మంచాలు, గోనెసంచులు, తమ్ముడి సైకిలు ఎక్కాయి. నా ట్రంకుపెట్టె కనబడక అమ్మ వెతుకుతుంటే, అది భారతమ్మ ముందుగదిలో మంచం కింద ఉంది. పొద్దున్నే నాన్న తనే మోసుకెళ్ళి పెట్టాడు. నాకు కూడా చెప్పలేదు.

“మతి ఉందా మీకు?” అంది అమ్మ ఏడుస్తూ. “ఎదిగిన పిల్లని, ఈ గొడవల్లో, పరాయి ఊళ్ళో వదిలేస్తారా?”

“పరాయి ఊరు నాకేనే. దానికి కాదు,” అన్నాడు నాన్న.

అమ్మ వినే స్థితిలో లేదు. ఆయన్ని అనాల్సినవీ అనకూడనివీ అన్నీ అంది. అప్పుడు భారతమ్మ మెట్లు దిగి వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది. కొడుకును పట్టుకుపోయినప్పట్నుంచీ ఆవిడ సరిగా అన్నం తినలేదు, కళ్ళ కింద నల్లబడింది.

“అక్కా, నా పోరడు జైల్ల ఉన్నడు. ఇల్లంత బోసిపొయ్యింది. నీ బిడ్డ నాకు తోడుంటది. నా పానం లెక్క చూస్కుంట.”

అమ్మ ఆవిడ మొహం చూసింది. ఇద్దరూ గేటు దగ్గర ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారు. వీధిలో పోయేవాళ్ళు చూస్తున్నా పట్టించుకోలేదు.

డ్రైవరు హారన్ కొట్టాడు. అమ్మా తమ్ముడూ ఎక్కారు. నాన్న ఒక కాలు లారీ మెట్టు మీద పెట్టి, ఏదో మరిచిపోయినట్టు దిగి వెనక్కి వచ్చాడు. ప్రార్థన చేస్తాడనుకుని తల వంచాను. ఆయన నా దగ్గరికి రాలేదు, భారతమ్మ ముందు నిలబడ్డాడు.

“వేళకి అన్నం పెట్టండమ్మా. ఎండన పడి తిరుగుతుంటే కోప్పడండి, వినకపోతే ఒకటివ్వండి. ఏం చేసినా నేనేమీ అనుకోను.” లారీ వైపు రెండడుగులు వేసి ఆగాడు. “పైన ఉన్నప్పుడు మాత్రం, దిగి రమ్మని తొందర పెట్టకండి.”